మూడు మిషన్ల కింది ఇల్లు

మా నెత్తిమీద మూడు కుట్టుమిషన్లున్నాయి. సూరత్ పక్కన అమ్రోలిలో మేం అద్దెకుండేది మూడో అంతస్తు. నాలుగో అంతస్తులో జశుబెన్ అనే కాఠియావాడీ ఆవిడ, ఆమె ఇద్దరు కోడళ్ళు కలిసి చీరలకు లేసు అంచులు కుడతారు. కాలితో తొక్కే మిషన్లయితే ఏదో అనుకోవచ్చు, ఇవి మోటారువి. కింద ఒక రబ్బరు ముక్కయినా వెయ్యకుండా వాటిని బండల మీదే నిలబెట్టారు. పొద్దున పదింటికి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళదాకా ఆపరు.

చప్పుడంటే నాకు కొత్త కాదు. సాంచాల చప్పుడులో పుట్టి, సాంచాల చప్పుడులోకే కాపురానికి వచ్చినదాన్ని. సిరిసిల్లలో మా నాయన నడిపినవీ, సూరత్‌లో మా ఆయన బాగుచేసేవీ అవే కరెంటు మగ్గాలు. ఈ ఇంటికి రాకముందు పన్నెండేళ్ళు కార్ఖానా గోడకు ఆనుకున్న గదిలోనే ఉన్నాం. రాత్రీ పగలూ గోడ అదురుతూనే ఉండేది. హాయిగా నిద్రపోయేదాన్ని. ఎందుకంటే సాంచా చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది, మొదలైతే ఆగదు. కాసేపటికి మనమే దాన్ని మరిచిపోతాం.

ఈ కుట్టుమిషన్లు అట్లా కాదు. గర్రుమని పోతాయి, టక్కున ఆగుతాయి. ఆగగానే, ఇప్పుడు మళ్ళీ మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చుంటాను. ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. మూడూ ఒకేసారి ఆగిన అరనిమిషం ఉంటుందే, అదే నాకు అన్నిటికంటే నరకం. నేను ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తాను. చేతిలో కత్తెర, చెవులు పైన. ఈ ఇంటికొచ్చిన మూడు నెలల్లో మంచి చీరలు రెండు కోసేశాను.

దూది పెట్టుకున్నాను. తలకు తువ్వాలు చుట్టుకున్నాను. చీపురుకట్ట తిప్పి పట్టుకుని పైకప్పును పొడిచాను. ఒక్కొక్కరోజు ఉన్నపళంగా తాళం వేసి తాపీ నది వంతెనదాకా నడిచిపోయి, అక్కడ లారీల హారన్ల మధ్య నిలబడి ఊపిరి పీల్చుకుని వచ్చేదాన్ని. ఇంట్లో ఒకచోట కూర్చోలేను. తుడిచిన గిన్నెలే తుడుస్తాను, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడతాను.

ఇంత జరుగుతుంటే మా ఆయన ఏం చేస్తాడనుకున్నారు? నిద్రపోతాడు. ఆయన పేరు లింగం. కార్ఖానాలో మాస్టరు. బడిపంతులు అనుకునేరు, సాంచాలు చెడిపోతే సరిచేసేవాడిని ఇక్కడ మాస్టరంటారు. నూట ఇరవై సాంచాలు మోగుతుంటే వాటి మధ్య ఊరికే నడుచుకుంటూ పోయి, ఫలానాదాని పట్టా వదులైంది, ఫలానాదాని బేరింగు పోయింది అని చప్పుడును బట్టే చెప్పేస్తాడని పేరు. ఆ పేరు మీదే మాకు అన్నం పుడుతోంది. ఒక వారం పగలు పని, ఒక వారం రాత్రి పని. రాత్రి పనికి పోయిన వారం పొద్దున వచ్చి, తిని, మూడు మిషన్ల కింద వెల్లకిలా పడుకుని గురక పెడతాడు. నేను ఆయన చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను. కుంభకర్ణుడికి తమ్ముడని చెప్పినా నమ్ముతారు.

మొదట నేనే పైకి వెళ్ళాను. జశుబెన్ మంచిగానే కూర్చోబెట్టింది, తినమని థేప్లా రొట్టె పెట్టింది. సంగతి చెప్పగానే ముక్కుమీద వేలేసుకుంది.

"అట్లా ఎట్లా వినోదాబెన్? పోయిన వారమే మెట్లమీద మీ లింగంభాయ్‌ని నేనే ఆపి అడిగాను, మా మిషన్లతో మీకేమైనా ఇబ్బందా అని. ఏం లేదు, హాయిగా ఉంది అన్నాడే!" అంది హిందీలో.

థేప్లా ముక్క కంచంలోనే వదిలేసి లేచాను. తరవాత బిల్డింగు ప్రముఖ్ మనుభాయ్ దగ్గరికి పోయాను. ప్రముఖ్ అంటే ఇక్కడ అపార్ట్‌మెంట్ల సంఘానికి పెద్ద. ఆయనా అదే పాట. "మీ ఘర్‌వాలాను వచ్చి చెప్పమనండి బెన్. ఇంటి మగమనిషి లేదంటున్నాడు, మీరు ఉందంటున్నారు. నేనేం చెయ్యాలి? ఆయన ఒక్క మాట అంటే రేపే మిషన్లు దింపించేస్తాను."

అంతే. నా సుఖమంతా మా ఆయన నోట్లోని ఒక్క మాట మీద ఆగింది. అవును, చప్పుడుంది అనాలి. ఆ మాట ఆయన అనడు.

ఆ సాయంత్రం కంచం ముందుపెట్టి అడిగాను. "పైన ఆమెతోని చప్పుడు లేదన్నవట?"

"లేదు గనక లేదన్న."

"మరి నేను దినాం మొత్తుకునేది ఏంది?"

"ఏమోనే. నాకైతే ఏం వినవడ్తలే. ఒకవేళ ఉన్నా అది ఒక చప్పుడా? ఒక్కనాడు వచ్చి మా సాంచాల నడుమ నిలవడు, తెలుస్తది చప్పుడంటే ఏందో." అన్నం కలుపుతూ నవ్వాడు. "బిడ్డ హాస్టలుకు పొయ్యిన సంది ఇంట్ల ఒక్కదానివే ఉంటున్నవ్. ఒంటరిగుంటే గట్లనే ఏవేవో వినవడ్తయ్."

ఆ మాట నన్ను కాల్చింది. మా బిడ్డ రుచిత కరీంనగర్‌లో ఇంటరు చదువుతోంది. అది లేక ఇల్లు బోసిపోయిన మాట నిజమే. అందుకని లేని చప్పుళ్ళు వింటానా? రెండు మూడు రోజులు నిజంగానే భయం పట్టుకుంది. నాకేమైనా అవుతోందా అని. పాలు పోసే అబ్బాయిని గుమ్మంలో ఆపి, "పైన ఏమైనా చప్పుడు వస్తోందా?" అని అడిగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఇంత మోగుతుంటే అడుగుతున్నారేంటి ఆంటీ?" అన్నాడు. వాడి కాళ్ళు మొక్కాలనిపించింది.

అయితే మరి ఈయన? నాకు తెలిసింది ఒక్కటే, కావాలనే చేస్తున్నాడు. పరాయి ఆడవాళ్ళ ముందు మంచివాడనిపించుకోవడానికి సొంత పెళ్ళాన్ని పిచ్చిదాన్ని చేస్తున్నాడు. బిడ్డతో ఫోన్‌లో కూడా మాట్లాడడం మానేశాడు. ఇస్తే, "నువ్వే మాట్లాడు, నాకేం తోస్తది" అని తోసేస్తాడు. ఈ మనిషి బండబారిపోయాడు అనుకున్నాను. పెళ్ళయి ఇరవై ఏళ్ళలో ఎన్నడూ లేనంత కోపం పెంచుకున్నాను.

ఇంకో అనుమానం నాకెందుకు రాలేదని మీరు అడగొచ్చు. సాంచాల ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళయితే అడగరు. మా మగవాళ్ళంతా గట్టిగానే మాట్లాడతారు, పక్కనున్నవాడితో కూడా ఊరవతల ఉన్నట్టు. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పించుకుంటారు. కార్ఖానాలో మాటలు నడవవు గనక పెదవులు చూసి, చేతులు చూసి అర్థం చేసుకుంటారు. అందుకే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం మాట్లాడబోయేముందు మనిషి భుజం తట్టి, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడతాం. మా అమ్మ మా నాయనతో అట్లాగే మాట్లాడేది, నేనూ ఈయనతో అంతే. వెనకనుంచి పిలిచి మాట్లాడడం మాకు మర్యాద కాదు. అది మర్యాద కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

చివరికి ఒక ఉపాయం చేశాను. కార్ఖానా సెలవు రోజున, ఆయన ఇంట్లో ఉండగా, మనుభాయ్‌నే మా ఇంటికి రమ్మన్నాను. "నా మాట వద్దు, ఆయన మాటా వద్దు. మీరొచ్చి మీ చెవులతో వినండి. జశుబెన్‌కు ముందు చెప్పకండి" అన్నాను. ఆయన సరేనన్నాడు. తోడుగా కింది అంతస్తులో ఉండే బక్కయ్యను తీసుకొచ్చాడు. బక్కయ్య మావాడే, మా సిరిసిల్ల వైపువాడే. బిల్డింగు సంఘంలో ఉన్నాడు. మా ఆయన పనిచేసే కార్ఖానాలో ఎవరు పగటి పాలీకి రావాలో, ఎవరు రాత్రి పాలీకి రావాలో, ఎవరిని ఉంచాలో తీసెయ్యాలో సేఠుకు చెప్పే మనిషి కూడా అతనే. బామ్మర్దిని ఊరినుంచి పిలిపించుకున్నాడు, మాస్టరు పని కోసం ఆర్నెల్లుగా ఇంట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు మాత్రం నా ధ్యాసంతా పైకప్పు మీదే ఉంది.

పదికి పది నిమిషాలుండగా ఇద్దరూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. చాయ్ పెట్టాను. మా ఆయన వాళ్ళకు దండం పెట్టి, "మా ఆమె మిమ్ములను గూడ పరేషాన్ చేసిందా?" అని నవ్వి, కిటికీ దగ్గర వెలుతురులో వీపు మా వైపు పెట్టి కూర్చున్నాడు. ముందు మిక్సీ విప్పి పెట్టుకున్నాడు. దాని మరలు ఊడదీస్తున్నాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నిలబడలేక లోపలికి పోయాను, మళ్ళీ వచ్చాను. పదయింది. పదీ అయిదు. ఈరోజే ఆ ముండ మిషన్లు పనిచెయ్యవేమో, కరెంటు పోయిందేమో, జశుబెన్‌కు ఎవరైనా చెప్పేశారేమో. దేవుడా, మూడు నెలలు ఆపమని మొక్కాను, ఈ ఒక్కరోజు మొదలుపెట్టించు అని మొక్కుకున్నాను.

అప్పుడు మొదలైంది. ముందు ఒకటి, వెంటనే రెండోది, ఆ తరవాత మూడూ కలిసి. మనుభాయ్ తల పైకెత్తాడు. ఆయన చేతిలోని సాసరులో కప్పు గలగలలాడింది. బక్కయ్య, "అబ్బో!" అన్నాడు. పండగ వచ్చినంత సంబరమైంది నాకు. చూడండి, వినండి, పిచ్చిది ఎవరో చెప్పండి అని అరవాలనిపించింది.

అదిగో, సరిగ్గా ఆ మోతలో, మా ఆయన తల కూడా ఎత్తకుండా, మర తిప్పుతూ, తన మామూలు పెద్ద గొంతుతో అన్నాడు.

"ఎంతసేపని కూసుంటరు బక్కయ్యన్నా? ఇంకా షురూ గూడ గాలే. గీమె మాట పట్టుకొని మీ పని చెడగొట్టుకోకుండ్రి."

నాకు రక్తం మరిగిపోయింది. ఇంతకంటే వెటకారం ఉంటుందా! ఏదో అనబోయాను. అంతలో ఆయన వెనక్కి తిరిగాడు, జవాబు కోసం. ఇరవై ఏళ్ళు కాపురం చేశాను, ఆయన వెటకారం చేసినప్పుడు ఎడమ కనుబొమ్మ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ మొహంలో వెటకారం లేదు. అమాయకంగా, వచ్చినవాళ్ళకు ఊరికే ఇబ్బంది అయిందే అన్నట్టు చూస్తున్నాడు. ఒక నిమిషం చూసి, జవాబు రాకపోయేసరికి మళ్ళీ మిక్సీ వైపు తిరిగాడు.

ఈయనకు ఆ మోత వినబడనే లేదు.

నాకు అర్థమైనప్పుడే బక్కయ్యకూ ఏదో అర్థమైనట్టుంది. కప్పు కింద పెట్టాడు. మా ఆయన వీపునే చూస్తూ, మరీ గట్టిగా కాకుండా, మరీ మెల్లగా కాకుండా అన్నాడు, "లింగం, ఆ పానా జర ఇటియ్యి."

మా ఆయన మర ఊదుకుంటున్నాడు.

"లింగం."

పైన మిషన్లు ఆగాయి. ఆ అరనిమిషం. గదంతా నిశ్శబ్దం. అందులో బక్కయ్య మూడోసారి పిలిచాడు. మా ఆయన కదలలేదు. బక్కయ్య నా వైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో నాకు అతని బామ్మర్ది కనిపించాడు, కార్ఖానా గేటు కనిపించింది. చప్పుడు వినలేని మాస్టరును ఏ సేఠు పెట్టుకుంటాడు?

ఎట్లా నడిచానో తెలియదు, పోయి కిటికీకీ ఆయనకూ మధ్య నిలబడ్డాను, ఆయన నా మొహం చూసేట్టు. నడుం మీద చేతులు పెట్టుకుని గొంతెత్తాను.

"ఇగ చాలు ఊకో! పొద్దుగాల్ల సంది గిదే నాటకం! చూసిండ్రా అన్నా? వాళ్ళు రాంగనే చెవిటోని లెక్క కూసుంట, నువ్వెంత మొత్తుకున్నా పలుక, అందరి ముంగట నీ ఇజ్జత్ తీస్త అని నిన్ననే శపథం చేసిండు. చేసిండు సూడుండ్రి! పిలుస్తుంటే పలుకుతడా? నవ్వుతున్నడు లోపట లోపట!"

ఆయన నా పెదవులు చూస్తున్నాడు. 'చెవిటోని' అన్నచోట ఆయన కళ్ళు ఒక్కసారి చెదిరాయి. పైకప్పు వైపు చూశాడు. వాళ్ళ మొహాలు చూశాడు. నా మొహం చూశాడు. నేను కళ్ళతో బతిమాలుకున్నాను. ఆయన రంగు పోయింది. అయినా మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

"మరేం జెయ్యాలె? మూడు నెలల సంది నా పానం తీస్తుంది," అన్నాడు గోడలదిరేట్టు. ఇక నువ్వే బిగించుకో అన్నట్టు, చేతిలో ఉన్న పానాను బక్కయ్య వైపు కాదు, నాకే చాపాడు. బక్కయ్య అడిగింది అదేనని ఆయనకు తెలియదు. నేను దాన్ని లాక్కుని తీసుకెళ్ళి బక్కయ్య చేతిలో పెట్టాను.

మళ్ళీ మొదలైన మోతలో మనుభాయ్ చిరాగ్గా లేచాడు. "మీ మొగుడూపెళ్ళాల తగాదాకు నన్నెందుకు పిలిచారు? చప్పుడుందా, లేదా? ఫిర్యాదు ఉందా, లేదా? ఇప్పుడే చెప్పండి. మళ్ళీ మళ్ళీ రాను."

సాసరులో కప్పు అట్లాగే గలగలలాడుతోంది. ఫిర్యాదు ఉందంటే రేపు ఆయన్ను సంఘం ముందు నిలబెడతారు, అడుగుతారు, బక్కయ్య పక్కనుండి చూస్తాడు.

"లేదు భాయ్," అన్నాను. "పెద్ద చప్పుడేం కాదు. మా ఆయన మాటే నిజం. నేనే అలవాటు చేసుకుంటాను."

"ఇంక ఈ ఇంటినుంచి ఈ మాట రాకూడదు మరి."

"రాదు."

ఆయన వెళ్ళిపోయాడు. బక్కయ్య చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు. "నిజంగ నాటకమేనా చెల్లె?"

"అదేం మాటన్నా? మా ఆయన చెవుల సంగతి నీకు తెల్వదా? నూట ఇరవై సాంచాలల్ల ఏది మూలుగుతుందో చెప్పే మనిషి. ఇంట్ల పెండ్లాం మాట వినమంటే మాత్రం వినడు." నవ్వాను కూడా. అతను నవ్వలేదు. పానా తిరిగి నా చేతిలో పెట్టి మెట్లు దిగాడు. నమ్మాడో లేదో ఈరోజుకీ నాకు తెలియదు. అతను మెట్ల మీద ఎదురైతే ఇప్పటికీ నాకు ముచ్చెమటలు పోస్తాయి.

తలుపు గడియ పెట్టి వచ్చి ఆయన ఎదురుగా కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

"ఎన్ని దినాల సంది?"

ఆయన ఎడమ చెవి తడుముకున్నాడు. "ఎడమది పొయ్యి రెండేండ్లయితుండొచ్చు," అన్నాడు. "కుడిది మంచిగనే ఉన్నదనుకున్న."

"మరి కార్ఖానాల?"

"చేతులతోని. సాంచ మీద చెయ్యి పెడితే తెలుస్తది. చప్పుడును బట్టి అని వాళ్ళే అనుకుంటరు, నేనెప్పుడు అనలే."

"నాకు చెప్పొద్దా? నన్ను పిచ్చిదాన్ని చేసి కూసోవెడ్తివి గదా! లేనియి వినవడ్తున్నయంటివి!"

"నీ మీద ఒట్టు వినోదా, కావాలని అనలే. నిజంగనే లేదనుకున్న." పైకి చూశాడు. "నిజంగనే ఉన్నదా?"

"ఉన్నది."

"ఇప్పుడు గూడనా?"

"ఇప్పుడు గూడ."

ఆయన పైకప్పు వైపు చూస్తూనే ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కుడి చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. తీసేశాడు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఈ మనిషికి ఈ క్షణందాకా తెలియదు. ఎంత పోయిందో ఆయనకూ ఇప్పుడే తెలుస్తోంది.

"ఎట్లుంటది?" అని అడిగాడు.

నూనె మరకలతో ఉన్న ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. పైన ఒక మిషను గర్రుమంది. అరచేతిలో వేళ్ళతో గబగబా కొట్టాను. ఆగింది, ఆపాను. రెండోది అందుకుంది, కొట్టాను. మూడూ కలిశాయి. రెండు చేతులూ పెట్టి, నాకున్న బలమంతా పెట్టి, ఆయన అరచేతిమీద, మణికట్టుమీద, మోచేతిదాకా దబదబా కొట్టాను. పైన ఎట్లా వస్తే అట్లా, ఒక్కటి కూడా వదలకుండా కొట్టాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అట్లాగే చేశాను, నా వేళ్ళు నొప్పి పుట్టేదాకా.

"దినమంత గిట్లనేనా?"

తల ఊపాను.

"ఉన్నదే వినోదా," అన్నాడు. ఆ గొంతు ఇల్లంతా మారుమోగింది. "శానా పెద్ద చప్పుడున్నది. గింత చప్పుడుల మూడు నెలలు ఒక్కదానివి ఎట్లున్నవే?"

మూడు నెలలుగా ఆయన నోట వినాలనుకున్న మాట అదొక్కటే. విని, ఆయన చెయ్యి పట్టుకుని, పైన మిషన్లు నడుస్తుంటే బావురుమని ఏడ్చాను.